రంజన్ పక్కన చల్లారిన పరిశోధన

సోమనర్సయ్య సారు పదకొండేళ్లుగా కొసలు మూయడం మీద పరిశోధన చేస్తున్నాడు. జనగామలో ఆయన ఇల్లు చూసినవాళ్లకు ఈ మాట చెబితే నమ్మరు. మేడ మీదికి మెట్లున్నాయి గానీ వాటికి రేలింగ్ లేదు. ఇంట్లో పాలు పొంగించిన నాడు "వచ్చే నెలలో పెట్టిస్త" అన్నాడు. ఆ నెల ఇంకా రాలేదు. బట్టలు ఆరేయడానికి పోయే ప్రతిసారీ ఆయన భార్య కల్పన బకెట్ ఒక చేత పట్టుకుని, రెండో చేయి గోడకు ఆనించుకుంటూ ఎక్కుతుంది. రెండేళ్ల కింద వానాకాలంలో నాలుగో మెట్టు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది కూడా. ఆరు వారాలు కట్టుతో ఉంది. ఆ ఆరు వారాలూ సోమనర్సయ్యే వంట చేశాడు, మాడిన అన్నం వడ్డిస్తూ "థీసిస్ కాంగనే రేలింగ్" అని మాటిచ్చాడు.

థీసిస్ కాంగనే అన్న మాట ఆ ఇంట్లో చాలా బరువులు మోసింది. థీసిస్ కాంగనే యాదగిరిగుట్ట పోదాం. థీసిస్ కాంగనే పన్ను పీకించుకుంటా. పన్ను మటుకు అంతదాకా ఆగలేక తనంతట తానే ఊడిపోయింది.

తన గురించి ఇలాంటివి ఆయనే చెప్పుకుని అందరికన్నా ముందు నవ్వుతాడు. ఎదుటివాళ్లు నవ్వాక నవ్వితే పరువు తక్కువని ఆయన లెక్క. పుట్టింది రఘునాథపల్లి పక్క పల్లెలో. వృక్షశాస్త్రం చదివాడు. కాంట్రాక్టు లెక్చరర్‌గా మొదట మహబూబాబాద్‌లో చేరాడు, అక్కడ బీఎడ్ సగం చదివి మానేశాడు. తర్వాత భూపాలపల్లి వేశారు. అక్కడ కారు నేర్చుకోబోతే, రివర్స్ నేర్పే రోజుకు జనగామకు బదిలీ అయింది. ఆ కారణంగా ఇప్పటికీ బండిని ముందుకు తోలగలడు, ఎక్కడైనా ఆపితే మాత్రం మళ్లీ బయటికి తీయలేడు. "నా బతుకు ఇట్లనే ఉంటది, షురూ జేసుడు నా పని, ముగించుడు దేవుని పని" అంటాడు. దేవుడికి వేరే పనులున్నాయని కల్పన అంటుంది.

అలాంటి మనిషి కొసల మీద ఎందుకు పడ్డాడో చెప్పాలంటే ముందు ఆ కొసలేమిటో చెప్పాలి. బ్యాక్టీరియా డీఎన్ఏ మామూలుగా గాజులాగా గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి దానికి కొస లేదు, కొస బాధా లేదు. కొన్నిటికి మాత్రం అది తాడులా పొడుగ్గా ఉంటుంది. కొసలు తెరిచి వదిలేస్తే, చుట్టూ తిరిగే ఎంజైములు ఎలుకల్లా కొరుక్కు తింటాయి. అందుకని ఆ బ్యాక్టీరియా ఒక ఉపాయం చేసింది. పుంటినారతో, అంటే గోగునారతో, తాడు పేనేవాళ్లు పొడుగాటి పురిని నడుమకు మడిచి వదులుతారు. అది తనంతట తానే మెలిపడి రెండు పేటల తాడవుతుంది. మడిచిన వైపు ఎంత గుంజినా విడదు, ముడి వేసే పనే లేదు. ఆ బ్యాక్టీరియా డీఎన్ఏకు రెండు వైపులా అలా మడిచిన కొసలే ఉంటాయి, పై పేటే వంపు తిరిగి కింది పేటగా వస్తుంది. వాటిని తయారు చేసేది ఒక ఎంజైమ్. తాను గుర్తుపట్టే చోట రెండు పేటలనూ కోసి, ఆ ఊపులోనే ఇటు కొసలను ఇటు, అటు కొసలను అటు కలిపి మూసేస్తుంది. కోయడం, మూయడం రెండూ దాని పనే.

నేలలో ఉండే అగ్రోబ్యాక్టీరియంలో ఇలాంటి ఎంజైమ్ ఉందని ప్రపంచానికి ముందే తెలుసు. సోమనర్సయ్య బచ్చన్నపేట పత్తి చేలలో మట్టి తవ్వి తెచ్చి, అందులోంచి ఆ జాతి బ్యాక్టీరియాను వేరు చేశాడు. దాంట్లో కూడా ఆ ఎంజైమ్ ఉంది, కాకపోతే అక్కడక్కడ కొద్దిగా తేడాగా ఉంది. తేడాగా ఉన్న ఈ మన ఎంజైమ్ కొసలు మూస్తుందా లేదా అన్నదే ఆయన ప్రశ్న. ఒక ముక్కలో జవాబు చెప్పగల ప్రశ్నకు పదకొండేళ్లు పట్టింది. మొదటి గైడు రిటైరయ్యాడు. యూనివర్సిటీ మూడుసార్లు గడువు పెంచింది. నాలుగోసారి పెంచేది లేదని, మార్చి ముప్పై ఒకటి లోపు థీసిస్ ఇవ్వకపోతే పేరు కొట్టేస్తామని ఉత్తరం పంపింది.

రెండో గైడు ప్రవళిక. మహబూబాబాద్‌లో ఈయన దగ్గరే డిగ్రీ చదివిన పిల్ల. ఈయన బీఎడ్ మానేసిన కాలంలో ఆమె పీజీ చేసింది, కారు నేర్చుకున్న కాలంలో పీహెచ్‌డీ చేసింది, ఈయన మట్టి తవ్వుతుంటే యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసరైంది. ఇప్పుడు ఈయన ఆమెను మేడమ్ అంటాడు, ఆమె ఈయనను సార్ అంటుంది. ఆమె గదిలోకి పోతే ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడతారు. మొదట్లో కూర్చోవడానికే రెండు నిమిషాలు పట్టేది.

ఎంజైమును ప్రవళిక ల్యాబులో తయారు చేసుకుని, థర్మోకోల్ డబ్బాలో ఐస్ మధ్య పెట్టి జనగామకు తెచ్చుకునేవాడు. అసలు పరీక్ష ఇక్కడి కాలేజీ ల్యాబులోనే. గుండ్రటి డీఎన్ఏకు ఎంజైమ్ కలిపితే అది తెగి పొడుగ్గా అవుతుంది. అంతవరకు ఖాయంగా జరిగింది, జెల్ అనే మెత్తటి పలకలో నడిపిస్తే గీతల్లో తేడా కంటికి కనబడింది. కోసింది సరే, కొసలు మూసిందా? అది తేలాలంటే డీఎన్ఏను మరుగు వేడిలో ఐదు నిమిషాలుంచి, వెంటనే ఐస్‌లో గుచ్చాలి. కొసలు తెరిచి ఉన్నదైతే వేడికి రెండు పేటలూ విడిపోయి, చల్లదనం దెబ్బకు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి, మళ్లీ కలవలేవు. కొసలు మూసి ఉన్నదైతే పేటలు విడిపోయినా మడత దగ్గర అంటుకునే ఉంటాయి కాబట్టి క్షణంలో మళ్లీ జత కడతాయి. జెల్ మీద చూస్తే విడిపోయింది ఒక చోట, జత కట్టింది ఒక చోట గీతగా కనబడతాయి. ఇందులో కిటుకంతా ఆ "వెంటనే"లో ఉంది. నిదానంగా చల్లారనిస్తే తెరిచి ఉన్న పేటలు కూడా ఒకదాన్నొకటి వెతుక్కుని కలిసిపోతాయి.

సరిగ్గా ఆ ఐదు నిమిషాలు అయ్యే వేళకు సోమనర్సయ్యకు సెకండియర్ క్లాసు ఉండేది. అందుకని ట్యూబులు తీసి ఐస్‌లో పెట్టే పని అటెండర్ తిరుపతికి అప్పగించాడు. తిరుపతి నమ్మకస్తుడు. కాలేజీలో ఇరవై ఏళ్లుగా ఒక్క గాజు సామాను పగలగొట్టని మనిషి. క్లాసు ముగించి వచ్చేసరికి ట్యూబులు ఐస్‌లో బుద్ధిగా నిలబడి ఉండేవి. జెల్ వేసి చూస్తే గీత సరిగ్గా జత కట్టిన చోట! మొదటిసారి చూసినప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి. తిరుపతికి మిర్చి బజ్జీలు తెప్పించాడు. ఏడాదిన్నరలో అదే ఫలితం పద్నాలుగు సార్లు వచ్చింది, పద్నాలుగు సార్లూ బజ్జీలు తిన్నారు.

మార్చి పన్నెండున థీసిస్ చిత్తుప్రతి ప్రవళిక ముందు పెట్టాడు. ఆమె బొమ్మలు ఒక్కొక్కటీ చూసింది.

"చాలా మంచిగొచ్చినయి సార్" అంది. "కంట్రోల్ ఏది?"

కంట్రోల్ అంటే, ఈ ఎంజైమ్ ఊసే లేకుండా మామూలుగా కత్తిరించిన, కొసలు తెరిచి ఉన్న డీఎన్ఏ. దాన్ని కూడా పక్కనే అదే వేడిలో, అదే ఐస్‌లో పెట్టాలి. అది విడిపోయి కనబడితేనే ఇది జత కట్టడానికి విలువ. డిగ్రీ పిల్లలకు మొదటి ప్రాక్టికల్లో చెప్పే ముక్క. సోమనర్సయ్యే ఏటా చెబుతాడు.

"మొదట మీ ల్యాబుల చేసిన మేడమ్, విడిపోయింది. ఇక్కడ జెల్లుల శాంపిల్ పోసే గుంటలు ఎనిమిదే. ఒకటి ఎందుకు వేస్టని..."

"ఒక్కసారి పెట్టుండ్రి సార్. బొమ్మ పక్కన ఉంటే ఎవ్వరూ నోరు తెరవరు."

మరుసటి రోజే పెట్టాడు. ఎప్పటిలాగే క్లాసుకు పోయాడు, వచ్చాడు, జెల్ వేశాడు. ఎంజైమ్ పెట్టిన గీత అందంగా వచ్చింది. పక్కన కంట్రోల్ గీత ఇంకా అందంగా వచ్చింది. "శభాష్" అన్నాడు సోమనర్సయ్య. బజ్జీలకు తిరుపతిని పంపబోయి, గడప దగ్గర ఆగిపోయాడు. కంట్రోల్ అక్కడ ఉండకూడదు. కంట్రోల్ విడిపోవాలి. కొసలు మూయని డీఎన్ఏ కూడా మూసినదానిలా నిలబడిందంటే, పద్నాలుగు బొమ్మలకూ అర్థం లేదు. వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

రెండో రోజు క్లాసు ఎగ్గొట్టి అలమార వెనక నిలబడ్డాడు. దొంగను పట్టుకోబోయే పోలీసులా ఫీలయ్యాడు గానీ, అలమార సన్నది, ఆయన పొట్ట బయటికే ఉంది. అదృష్టం కొద్దీ తిరుపతి అటు చూడలేదు. ఐదు నిమిషాలు కాగానే మరిగే నీళ్లలోంచి ట్యూబులు జాగ్రత్తగా తీశాడు. ముందు గోరువెచ్చటి నీళ్లున్న మగ్గులో పెట్టాడు. కాసేపయ్యాక తీసి తుడిచి, కిటికీ కింద తాగునీళ్ల మట్టికుండ, రంజన్ దగ్గరికి పోయి, దాని కింద పోసిన తడి ఇసుకలో వరసగా నాటాడు. పావుగంట తర్వాత వాటిని తీసి, ఐస్‌లో పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"తిరుపతన్నా! గిదేంది?" సోమనర్సయ్య గొంతు తనకే కొత్తగా వినబడింది.

తిరుపతి ఉలిక్కిపడ్డాడు. "సల్లార బెడ్తున్న సారూ."

"నేను ఏమని చెప్పిన? మరుగుడు నీళ్లల్లకెల్లి తియ్యంగనే ఐస్‌ల పెట్టుమన్న గద!"

"పెట్టిన గద సారూ. జర ఆగి పెట్టిన. మా ఇంటామె చాయ్ హోటల్ల సూస్త గద, ఏడేడి గ్లాసు సన్నీళ్లల్ల ముంచితే ఫట్‌మని పల్గుతది."

"ఇవి ప్లాస్టిక్ ట్యూబులు. ఎట్ల పల్గుతయి?"

"ట్యూబులు పల్గవు సారూ, గంత దెల్వదా నాకు? లోపట మీ డీఎన్ఏ ఉన్నదంటిరి. పదేండ్ల కష్టమంటిరి. గది పల్గుతదేమోనని..." అని తిరుపతి ఆయన ముఖం చూసి భయపడ్డాడు. "ఏమన్న తప్పయిందా సారూ?"

సోమనర్సయ్యకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తన డీఎన్ఏకు చలి తగలకుండా ఏడాదిన్నర పాటు ఒక మనిషి కంటికి రెప్పలా చూసుకున్నాడు. అంత ప్రేమగా తన ఎంజైమును తనే ఎన్నడూ చూసుకోలేదు. ఒక్కరోజు నిలబడి చూడలేదు. ఎందుకు వెంటనే పెట్టాలో తిరుపతికి ఒక్కసారీ చెప్పలేదు. గుంట వేస్టని కంట్రోల్ పెట్టలేదు. తప్పు ఎవరిదో లెక్క తీయడానికి అట్టే సేపు పట్టలేదు.

"తప్పు నాదే అన్నా. నువ్వు చాయ్ తాగిపో" అన్నాడు.

అప్పటికి పదిహేడు రోజులున్నాయి. క్లాసులు వేరేవాళ్లకు అప్పగించి, ట్యూబులు తన చేతులతో తీసి తనే ఐస్‌లో గుచ్చాడు. కంట్రోల్ పేటలు ఠక్కున విడిపోయాయి. పక్కన ఎంజైమ్ పెట్టినవీ విడిపోయాయి. ఐదుసార్లు చేశాడు. ఐదుసార్లూ అదే. ఆయన ఎంజైమ్ కోస్తుంది గానీ మూయదు. పదకొండేళ్లు వెతికి వెతికి, పత్తి చేలన్నీ తవ్వి, సోమనర్సయ్య అచ్చం తనలాంటి ఎంజైమునే పట్టుకొచ్చాడు.

ఆ సాయంత్రం ఒక ఆలోచన వచ్చి పక్కన కూర్చుంది. పాత బొమ్మలు పద్నాలుగున్నాయి. కంట్రోల్ బొమ్మ ఈ రోజుదే తీసి పక్కన అంటిస్తే ఎవరికి తెలుస్తుంది? రంజన్ సంగతి తెలిసింది ఇద్దరికే, అందులో ఒకరికి అది ఎంత తప్పో కూడా తెలియదు. డాక్టర్ సోమనర్సయ్య అనే బోర్డు ఆయన మనసులో గేటుకు ఎక్కింది, ఆ వెనక మెట్లకు రేలింగ్ కూడా మెరిసింది. కల్పన మణికట్టు గుర్తొచ్చింది. ఒప్పుకుంటే గడువు దాటిపోవచ్చు, పేరు కొట్టేయవచ్చు. కల్పన ముందు నిలబడి ఏం చెప్పాలి? రంజన్ కథ చెప్పాలా? బొమ్మను కత్తిరించే దాకా పోయాడు. కంప్యూటర్‌లో రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. చక్కగా అతికాయి. అంత చక్కగా అతకడం చూస్తే భయమేసి మూసేశాడు.

తెల్లారి మొదటి బస్సుకు ప్రవళిక దగ్గరికి పోయాడు. మగ్గు, ఇసుక, రంజన్, అలమార వెనక తన పొట్ట, అన్నీ చెప్పాడు. కత్తిరించబోయిన సంగతి కూడా చెప్పాడు. ఆమె నవ్వుతుందనుకున్నాడు, నవ్వలేదు. తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు. లోపల ఒక మూల, "పోనీ సార్, పాతవి ఉంచండి" అంటే బాగుండునని ఆశ కూడా పడ్డాడు.

"సార్, మానుకోటల నా ఉల్లిగడ్డ స్లైడు యాదికున్నదా?" అంది. మహబూబాబాద్‌ను ఆ వైపు వాళ్లు మానుకోట అనే అంటారు.

"ఏ స్లైడు మేడమ్?"

"కణ విభజన ప్రాక్టికల్. నా స్లైడ్ల ఏం కనబడలే. పుస్తకంల చూసి బొమ్మ మంచిగ గీసిన. మీరు సున్నా ఏసి, పేజీ చింపిండ్రు. కనబడ్డదే గియ్యి, కనబడకుంటే కనబడలేదని రాయి అన్నరు. అందరి ముంగట ఏడ్సిన. మూడు రోజులు కాలేజీకి రాలే."

సోమనర్సయ్యకు అది గుర్తులేదు. చింపిన పేజీలు చాలా ఉన్నాయి. కాని ఇరవై ఏళ్ల కిందటి ఆ నీతిమంతుడైన కుర్ర సారు ఇప్పుడు ఎదురుపడితే రెండు తగిలించాలనిపించింది.

"కనబడ్డదే రాయుండ్రి సార్" అంది ప్రవళిక. "కోస్తది, మూయదు. అది కూడా జవాబే. ఏ ముక్కల తేడా ఉండి మూయలేకపోతున్నదో మీ దగ్గర వివరం ఉన్నది గద. రాయుండ్రి. నేను రోజూ చూస్త."

పద్నాలుగు రోజులు రాశాడు. అధ్యాయాల పేర్లు మారాయి, ముగింపు తిరగబడింది. పాత బొమ్మలను పారేయలేదు. చివర్లో ఒక పేజీ వాటికే ఇచ్చాడు. నిదానంగా చల్లారిస్తే ఏమవుతుందో, ఎలా మోసపోతామో చెబుతూ, మగ్గు నీళ్ల వేడి, తడి ఇసుకలో ఎంతసేపు అన్నీ కొలిచి పెట్టాడు. ఆ కొలతలకు తిరుపతి మళ్లీ ట్యూబులు నాటి చూపించాల్సి వచ్చింది. "తప్పు పనిని గింత సక్కగ రాస్తరా సారూ?" అని ఆశ్చర్యపోయాడు. మార్చి ముప్పై ఒకటి మధ్యాహ్నం సోమనర్సయ్య కౌంటర్‌లో థీసిస్ ఇచ్చి రసీదు తీసుకున్నాడు. రసీదును మూడుసార్లు చదువుకున్నాడు.

ఎనిమిది నెలలకు వైవా పెట్టారు. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన పరీక్షాధికారి కళ్లద్దాలు సర్దుకుని, పదకొండేళ్లకు మీ ఎంజైమ్ ఏం చేస్తుందని తేలిందని అడిగాడు.

"మొదలుపెడుతుంది సార్, ముగించదు" అన్నాడు సోమనర్సయ్య. "దాంతో నాకు దగ్గరి చుట్టరికం ఉంది."

హాలంతా నవ్వింది. ముందు వరసలో కల్పన మాత్రం నవ్వలేదు. పరీక్షాధికారి ఆ చివరి పేజీ తెరిచాడు. తన ల్యాబులో కూడా ఐస్ దగ్గర ఎవరు నిలబడుతున్నారో తనెప్పుడూ చూడలేదని, తిరిగి పోగానే అందరి చేత ఈ పేజీ చదివిస్తానని అన్నాడు. తర్వాత లేచి చేయి కలిపి డాక్టర్ అని పిలిచాడు. వెనక నిలబడ్డ తిరుపతి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. ప్రవళిక శాలువా కప్పబోతే ఎప్పటిలాగే ఇద్దరూ ఒకేసారి వంగి తలలు గుద్దుకున్నారు.

కల్పన దగ్గరికొచ్చింది. "అయిపోయిందా? నిజంగ అయిపోయిందా?"

"అయిపోయింది."

ఆమె తన ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. తెర మీద వెల్డింగ్ రాజేందర్ నంబరు ఉంది. రెండేళ్ల కింద, కట్టు కట్టుకున్న చేత్తోనే దాచుకున్న నంబరు. సోమనర్సయ్య ఏదో జోకు వేద్దామనుకున్నాడు. మానుకున్నాడు. శాలువా భుజం మీద ఉండగానే ఫోన్ చేసి, వచ్చే నెల అనకుండా, రేపు పొద్దున రమ్మన్నాడు.

రాజేందర్ రెండు రోజులు పనిచేశాడు. చివరి అతుకు పడే దాకా సోమనర్సయ్య ఎక్కడికీ పోకుండా మెట్ల దగ్గరే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున కల్పన బకెట్ తీసుకుని వచ్చింది. అలవాటు చొప్పున గోడ వైపు చేయి చాచి, ఆగి, ఇటు తిరిగి రేలింగ్ పట్టుకుంది. నాలుగో మెట్టు మీద ఒక్క క్షణం నిలబడింది. తర్వాత పైకి పోయి బట్టలు ఆరేసుకుంది.